పంతులమ్మకు శిక్షణ: నూటయాభై ఏళ్ళ ప్రశ్నలు

విద్యాశాఖ నుంచి బడికి వచ్చే శిక్షణ ఉత్తర్వు చిన్న కాగితం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా కేంద్రంలో, ఉదయం తొమ్మిదిన్నరకల్లా ఉపాధ్యాయులు హాజరు కావాలి. ప్రధానోపాధ్యాయులు వారిని వెంటనే రిలీవ్ చేయాలి. ప్రయాణభత్యం నిబంధనల ప్రకారం చెల్లిస్తారు. గైర్హాజరైన వారిపై శాఖాపరమైన చర్య ఉంటుంది. ఆ కాగితంలో ఆడ, మగ అన్న తేడా ఎక్కడా కనిపించదు. దాని దృష్టిలో ఉపాధ్యాయులంటే పొద్దున్నే బ్యాగు సర్దుకుని బస్సెక్కగలిగిన మనిషి. ఆ మనిషి ఇంట్లో వంట ఎవరు చేస్తారు, చంటిబిడ్డను ఎవరు చూస్తారు, మంచాన ఉన్న అత్తగారికి మందెవరిస్తారు, సాయంత్రం ఆఖరి బస్సు తప్పిపోతే ఏం చేయాలి అనే ప్రశ్నలు ఆ కాగితానికి పట్టవు.

ఈ ప్రశ్నలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. మన దేశంలో స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ అనే ఆలోచన మొదలైన రోజునుంచీ ఉన్నాయి. స్త్రీవిద్య చరిత్ర రాసేటప్పుడు మనం తొలి బాలికల పాఠశాల గురించి రాస్తాం, తొలి పట్టభద్రురాలి గురించి రాస్తాం, సంస్కర్తల గురించి పేజీలకు పేజీలు రాస్తాం. ఆ బడిలో పాఠం చెప్పిన మనిషి ఎక్కడ నేర్చుకుంది, ఎవరి అనుమతితో నేర్చుకుంది, నేర్చుకున్నన్నాళ్ళూ ఎక్కడ తలదాచుకుంది అన్నది మాత్రం ఫుట్‌నోటుగా మిగిలిపోతుంది. ఆ ఫుట్‌నోటును పైకి తెచ్చి చదవటానికే ఈ వ్యాసం.

తెలుగులో 'శిక్ష' అంటే దండన, 'శిక్షణ' అంటే నేర్పటం. సంస్కృతంలో శిక్ష అన్నా చదువే. మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట చేతికి బెత్తం వచ్చింది. స్త్రీల విషయంలో ఈ రెండు మాటల మధ్య దూరం చాలాసార్లు చెరిగిపోయిందని చరిత్ర చెబుతోంది.

సావిత్రీబాయి ఎక్కడ నేర్చుకుంది?

1848లో పూనాలో సావిత్రీబాయి ఫులే బాలికలకు పాఠాలు చెప్పటం మొదలుపెట్టిందని అందరికీ తెలుసు. ఆమె మీద పేడ, రాళ్ళు విసిరిన సంగతీ తెలుసు. ఆమె శిక్షణ పొందిన ఉపాధ్యాయిని అన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ సింథియా ఫరార్ నడిపిన సంస్థలోనూ, పూనాలో మిచెల్ నార్మల్ స్కూల్లోనూ ఆమె బోధన నేర్చుకుంది. భర్త ఇంట్లో నాలుగక్షరాలు దిద్దించాడు, ఆమె వెళ్ళి బడిలో చెప్పింది అన్న కథ వినసొంపుగా ఉంటుంది. కానీ ఆ కథలో ఆమె వృత్తి నైపుణ్యం భర్త ఔదార్యంగా మారిపోతుంది. ఫాతిమా షేక్ పేరు సావిత్రీబాయి 1856లో జోతిబాకి రాసిన ఉత్తరంలో వస్తుంది. తను పుట్టింట జబ్బుపడి ఉంటే పూనాలో పని భారమంతా ఫాతిమా మీద పడి ఉంటుందని సావిత్రీబాయికి బెంగ. ఇద్దరు పనిచేసే ఆడవాళ్ళ మధ్య, ఒకరి సెలవు మరొకరి భారమయ్యే సంబంధం అది. ఏ బడి స్టాఫ్‌రూములోనైనా ఇవాళ్టికీ కనిపించే సంబంధం.

ఆ బడులనుంచే ముక్తాబాయి సాల్వే వచ్చింది. మాంగ్ కులానికి చెందిన ఆ పిల్ల 1855లో తన జాతి ప్రజల బాధల గురించి రాసిన వ్యాసం 'జ్ఞానోదయ'లో అచ్చయింది. శూద్ర స్త్రీ ఉపాధ్యాయ శిక్షణ పొందితే తరగతి గదిలోకి ఎవరు రాగలరో, వచ్చి ఏం మాట్లాడగలరో చెప్పటానికి ఆ ఒక్క వ్యాసం చాలు.

తెలుగు ప్రాంతాల్లోనూ ఇలాంటి మరుగునపడిన పాయ ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, మచిలీపట్నం వంటి చోట్ల మిషనరీల బోర్డింగ్ స్కూళ్ళు ఆడపిల్లలను ఉపాధ్యాయినులుగా తయారుచేశాయి. వాళ్ళలో చాలామంది మాల, మాదిగ కుటుంబాలనుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళ పిల్లలు. మద్రాసు ప్రెసిడెన్సీలో శిక్షణ పొందిన తొలితరం పంతులమ్మలలో దేశీయ క్రైస్తవ స్త్రీల భాగం పెద్దది. మన సంస్కరణోద్యమ చరిత్రల్లో వాళ్ళ పేర్లు వెతికితే దొరకవు. మతప్రచారం అనే ఒక్క మాటతో వాళ్ళ శ్రమనంతా పక్కకు నెట్టేశాం.

విధవలా, పంతుళ్ళ భార్యలా?

1866లో ఇంగ్లండు నుంచి మేరీ కార్పెంటర్ వచ్చింది. బ్రిస్టల్‌లో పేదపిల్లలకు బడులు నడిపిన మనిషి. బాలికల పాఠశాలల్లో ముసలి పంతుళ్ళు పాఠాలు చెప్పటం చూసి, ఆడపిల్లలు పదేళ్ళు దాటితే బడి మానటానికి అదొక కారణమని గ్రహించింది. స్త్రీలకు నార్మల్ స్కూళ్ళు, అంటే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలు పెట్టాలని ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసింది. ప్రభుత్వం ఒప్పుకుంది.

ఒప్పుకోని మనిషి ఈశ్వరచంద్ర విద్యాసాగర్. విధవా వివాహాల కోసం అంత పోరాడిన విద్యాసాగర్ 1867లో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరుకు రాసిన ఉత్తరంలో ఈ ప్రయత్నం ఫలించదన్నాడు. పరువుగల హిందూ కుటుంబాలు ఎదిగిన ఆడవాళ్ళను ఉపాధ్యాయ వృత్తికి పంపవు, దిక్కులేని విధవలు మాత్రమే వస్తారు, వాళ్ళు గడప దాటి వచ్చారంటేనే సమాజం అనుమానంగా చూస్తుంది, ఆ అనుమానం పథకాన్నే దెబ్బతీస్తుంది అన్నది ఆయన వాదం. కలకత్తాలో బెథ్యూన్ స్కూలుకు అనుబంధంగా పెట్టిన నార్మల్ స్కూలు 1872లో మూతపడింది. విద్యాసాగర్ చెప్పినట్టే జరిగిందని చరిత్రకారులు రాస్తారు.

ఆయన అంచనా సరైనదే కావచ్చు. కానీ ఆ అంచనాలోని తర్కాన్ని మనం చూడాలి. సమాజం అనుమానిస్తుంది గనక స్త్రీ బయటికి రాకూడదు, బయటికి రాదు గనక శిక్షణ దండగ. ఈ వలయంలో మారవలసింది అనుమానించే సమాజమని ఎవరూ అనలేదు. పైగా 'పరువుగల కుటుంబాలు' అన్న మాటతో, అప్పటికే పొలాల్లో, వీధుల్లో పనిచేస్తున్న శ్రామిక కులాల స్త్రీలు ఆలోచనలోకే రాకుండా పోయారు. వాళ్ళకు గడప దాటటం కొత్త కాదు. వాళ్ళను ఉపాధ్యాయినులుగా ఊహించటమే ఆ పెద్దమనుషులకు కొత్త.

1882లో హంటర్ కమిషన్ వచ్చింది. పంతుళ్ళ భార్యలకు, విధవలకు శిక్షణ ఇచ్చి ఉపాధ్యాయినులుగా తీసుకోవటాన్ని ప్రోత్సహించాలని సూచించింది. తెలుగులో కొన్ని వృత్తుల పేర్లకు 'అమ్మ' చేరిస్తే, అది ఆ వృత్తి చేసే మగవాడి భార్యకూ పేరు కావచ్చు, ఆ వృత్తి చేసే స్త్రీకీ పేరు కావచ్చు. 'పంతులమ్మ' అలాంటి మాటే. కమిషన్ సూచనలో ఆ రెండర్థాలూ కలిసిపోయాయి. పంతులుగారి భార్య అయితే బస సమస్య ఉండదు, రక్షణ సమస్య ఉండదు, ఊరి అనుమానం ఉండదు. ఒక జీతానికి కాస్త కలిపితే ఇద్దరు మనుషులు దొరుకుతారు. వ్యవస్థ తన బాధ్యతను నేర్పుగా భర్త భుజానికి ఎత్తింది.

అదే కమిషన్ ఎదుట పూనాలో ఇరవైనాలుగేళ్ళ పండిత రమాబాయి సాక్ష్యం చెప్పింది. భర్త పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు, చేతిలో పసిబిడ్డ. చదువుకున్న మగవాళ్ళలోనే నూటికి తొంభైతొమ్మిది మంది స్త్రీల చదువుకు వ్యతిరేకులని ఆమె మొహమాటం లేకుండా చెప్పింది. స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ కావాలంది. బాలికల బడులను తనిఖీ చేయటానికి మగ ఇన్‌స్పెక్టర్లు కాక స్త్రీలే కావాలంది. ఉపాధ్యాయినులకు మగవాళ్ళకంటే ఎక్కువ జీతాలు ఇవ్వాలంది. స్త్రీలకు వైద్యం చేయటానికి స్త్రీలే డాక్టర్లు కావాలంది. జీతం గురించి ఆమె అన్నమాటను స్త్రీవిద్య చరిత్రలు దాటేసి వెళ్ళిపోతాయి. ఉపాధ్యాయిని పని సేవ, త్యాగం అని అందరూ పాడుతున్న కాలంలో ఆమె దాన్ని ఉద్యోగంగా చూసింది, దానికి ధర కట్టింది.

ఐస్‌హౌస్‌లో బాలవితంతువులు

విద్యాసాగర్ అసాధ్యమన్న పనిని మద్రాసులో ఒక బాలవితంతువే చేసి చూపించింది. 1886లో పుట్టిన ఆర్.ఎస్. సుబ్బలక్ష్మి పన్నెండేళ్ళు నిండకుండానే భర్తను పోగొట్టుకుంది. తల్లిదండ్రులు ఆమెకు గుండు చేయించలేదు, చదివించారు. 1911లో ప్రెసిడెన్సీ కళాశాల నుంచి పట్టభద్రురాలైంది. మరుసటి ఏడాది ఎగ్మోరులో బ్రాహ్మణ బాలవితంతువుల కోసం ఒక హోమ్ మొదలుపెట్టింది. వాళ్ళను చదివించి ఉపాధ్యాయినులుగా తయారుచేయటం దాని లక్ష్యం. బాలికల పాఠశాలల ఇన్‌స్పెక్ట్రెస్ క్రిస్టినా లించ్ పట్టుబట్టి ప్రభుత్వ సహాయం ఇప్పించింది. హోమ్ తర్వాత సముద్రపుటొడ్డున ఉన్న ఐస్‌హౌస్‌లోకి మారింది. 1922లో లేడీ విల్లింగ్‌డన్ ట్రైనింగ్ కాలేజీ వచ్చినప్పుడు సుబ్బలక్ష్మే దానికి ప్రిన్సిపాల్.

సుబ్బలక్ష్మి విజయం వెనక ఉన్నది ఒక భవనం. తలుపు వేసుకుని నిశ్చింతగా పడుకోగలిగిన చోటు, వేళకు అన్నం, చుట్టూ తమలాంటి ఆడపిల్లలు. శిక్షణ అంటే పాఠ్యప్రణాళిక అనుకునేవాళ్ళకు ఇవన్నీ చిల్లర విషయాలు. కానీ నార్మల్ స్కూళ్ళు ఎందుకు మూతపడ్డాయో, ఈ హోమ్ ఎందుకు నిలబడిందో తేల్చింది ఈ చిల్లర విషయాలే.

అయితే ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు. హోమ్‌లో బ్రాహ్మణ వితంతువులకే చోటు. మడి, ఆచారం చెడదన్న హామీ ఇస్తేనే తల్లిదండ్రులు పిల్లలను పంపుతారన్నది అప్పటి సమాధానం. వితంతువుకు సమాజం వేసిన శిక్షనుంచి శిక్షణ ద్వారా బయటపడే మార్గాన్ని సర్కారు డబ్బుతో ఒక కులానికి వేశారు. అదే కాలంలో మిషన్ బోర్డింగుల్లో చదువుకున్న దళిత క్రైస్తవ పంతులమ్మ ఊరి బయట పేటలోనే పాఠం చెబుతూ ఉండిపోయింది. ఇద్దరూ స్త్రీలే, ఇద్దరూ శిక్షణ పొందినవాళ్ళే. ఇద్దరి చరిత్రలనూ ఒకే వాక్యంలో రాయటానికి ఇన్నాళ్ళు పట్టింది మనకు.

దుర్గాబాయి లెక్క

స్వతంత్ర భారతంలో ఈ సమస్యను లెక్కలోకి తీసుకున్న మనిషి మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టి, చిన్నతనంలోనే కాకినాడలో ఆడవాళ్ళకు హిందీ పాఠశాల నడిపింది. 1937లో మద్రాసులో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభలో స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేసేవారు. వయసు దాటాక, పెళ్ళిళ్ళయ్యాక, వైధవ్యం వచ్చాక చదువుకోవాలనుకున్న స్త్రీకి మామూలు బడిలో చోటు లేదని ఆమెకు తన జీవితంలోంచే తెలుసు.

1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలయ్యాక, 1958లో పెద్దవయసు స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టించింది. బడి మధ్యలో మానేసిన స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధంచేసి, ఉపాధ్యాయినులుగా, గ్రామసేవికలుగా, నర్సులుగా పంపటం ఉద్దేశం. అదే ఏడాది ఆమె అధ్యక్షతన జాతీయ స్త్రీవిద్యా కమిటీ ఏర్పడి 1959లో నివేదిక ఇచ్చింది. స్త్రీవిద్యను ప్రత్యేక సమస్యగా గుర్తించాలనీ, దానికి విడిగా యంత్రాంగం, నిధులు ఉండాలనీ ఆ నివేదిక కోరింది. పల్లెల్లో పనిచేసే ఉపాధ్యాయినులకు ఇళ్ళు కట్టించాలంది. ఆ తర్వాత వచ్చిన కొఠారి కమిషన్ (1964-66) కూడా ఇళ్ళ సంగతి ప్రస్తావించింది. ఆ ఇళ్ళలో ఎన్ని కట్టారో చెప్పటానికి నివేదికలు తిరగేయక్కర్లేదు. పొద్దున్నే బస్టాండులో ఆటోల కోసం పరుగెత్తే పంతులమ్మలను చూస్తే చాలు.

సంస్థలు వచ్చాయి, ప్రశ్నలు మిగిలాయి

1961లో ఎన్.సి.ఇ.ఆర్.టి., 1967లో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ ఏర్పడ్డాయి. శిక్షణ అంటే ఉద్యోగానికి ముందు ఒకసారి నేర్చుకునేది కాదు, ఉద్యోగకాలమంతా సాగేది అన్న ఆలోచన బలపడింది. 1984లో బ్రిటిష్ సహాయంతో ప్రయోగాత్మకంగా మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం గదులు కట్టటంతోపాటు ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది. చుట్టుపక్కల బడుల టీచర్లు దగ్గరి కేంద్రంలో కలుసుకుని తమ అనుభవాలు చెప్పుకునే పద్ధతి అది. దగ్గరగా ఉండటం, సాయంత్రానికి ఇల్లు చేరగలగటం స్త్రీలకు ఎంత ముఖ్యమో ఆ పథకం స్త్రీల గురించి ఆలోచించి పెట్టిందో లేదో గానీ, ఆచరణలో అది వాళ్ళకు పనికొచ్చే ఏర్పాటు.

1986 జాతీయ విద్యా విధానం స్త్రీల సమానత్వం కోసం చదువు అని రాసుకుంది. 1987లో జిల్లా శిక్షణ సంస్థలు, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చాయి. ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే అందులో ఒకరు స్త్రీ అన్నారు. ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయించిన ఆంధ్రప్రదేశ్ నిబంధనను కొందరు కోర్టుకు లాగితే, 1995లో పి.బి. విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్. 2001లో వచ్చిన సర్వశిక్షా అభియాన్ ఏడాదికి 20 రోజుల వరకూ వృత్యంతర శిక్షణకు నిధులిచ్చింది. 2019-20 నాటికి దేశంలోని దాదాపు 97 లక్షల మంది టీచర్లలో 49 లక్షలకు పైగా స్త్రీలే. సంఖ్యలో మగవాళ్ళను దాటారు.

సంఖ్య మారినంత మాత్రాన ఏర్పాట్లు మారలేదు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు చూడండి. బడుగు వర్గాల ఆడపిల్లలకు గురుకులాలు, బోధించేది స్త్రీలు, ఎక్కువమంది కాంట్రాక్టు మీద. పగలు పాఠం, రాత్రి కాపలా. అమ్మలాంటి టీచరు కావాలన్నారు, అమ్మకిచ్చినట్టే జీతం దగ్గర వెనకాడారు. రమాబాయి అడిగిన ఎక్కువ జీతం సంగతి సరే, ఉద్యోగ భద్రత కూడా వాళ్ళకు పోరాటమే అయింది.

శిక్షణ ఇచ్చి చేయి వదిలేస్తే

బడి గోడలకు బయట జరిగిన రెండు ప్రయోగాలను ఇక్కడ తలుచుకోవాలి. 1984లో రాజస్థాన్ ప్రభుత్వం మహిళాభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టి, పల్లెల్లో 'సాథిన్'లను ఎంపికచేసి శిక్షణ ఇచ్చింది. బాల్యవివాహాలు ఆపమని నేర్పింది. ఆ నేర్పిన పనే చేసినందుకు సాథిన్ భన్వరీదేవిపై 1992లో అగ్రకులాల మగవాళ్ళు సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు వాళ్ళను అత్యాచార నేరం నుంచి విముక్తుల్ని చేసింది. రాజ్యం ఆమెకు శిక్షణ ఇచ్చింది, రక్షణ ఇవ్వలేదు. మహిళా సంఘాలు పట్టు వదలకపోవటం వల్ల 1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్ళే ప్రతి చోటూ, యజమాని ఏర్పాటుచేసిన ప్రయాణ వాహనం కూడా, పనిస్థలమే. అంటే శిక్షణ కేంద్రమూ పనిస్థలమే. శిక్షణ ఉత్తర్వులో హాజరు వేళ ఉంటుంది గానీ, ఇబ్బంది ఎదురైతే ఫిర్యాదు ఎవరికివ్వాలో ఉండదు. ఆ కమిటీ సభ్యుల పేర్లు రెండు వాక్యాల్లో అచ్చువేయటానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

రెండోది మహిళా సమతా. 1989లో కర్ణాటక, ఉత్తరప్రదేశ్, గుజరాత్‌లలో, 1993లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. చదువంటే అక్షరాలు దిద్దించటంతో మొదలవ్వాలని అది అనుకోలేదు. ఊరి స్త్రీలు సంఘంగా కూర్చుని తమకేం కావాలో ముందు తామే తేల్చుకునేవారు. నేర్పేవారు పైన, నేర్చుకునేవారు కింద అన్న వరస అక్కడ సడలింది. 2016లో కేంద్రం ఆ కార్యక్రమానికి నిధులు ఆపేసింది. ఉపాధ్యాయ శిక్షణలు ఆ పద్ధతిని తమలోకి తీసుకుని ఉంటే, పంతులమ్మకు ఏం రాదో చెప్పే శిక్షణ పోయి, ఆమెకు ఏం తెలుసో అడిగే శిక్షణ వచ్చి ఉండేది.

ఇప్పుడు శిక్షణ చాలావరకు ఫోనులోకి వచ్చింది. 2017లో దీక్షా వేదిక, 2019లో నిష్ఠా కార్యక్రమం మొదలయ్యాయి. 2020లో కోవిడ్‌తో నిష్ఠా కూడా ఆన్‌లైన్ అయింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాసం ప్రతి టీచరుకూ ఉండాలంది. ఇక బస్సు బాధ లేదు, చివరికి సమస్య తీరిందనిపిస్తుంది. కానీ కేంద్రానికి వెళ్ళినప్పుడు కనీసం ఆ ఐదు రోజులు ఇంటికి దూరంగా, సాటి టీచర్లతో గడిపే వీలుండేది. తోటి పంతులమ్మతో భోజనాల దగ్గర మాట్లాడిన మాటలే ఎందరికో అసలు శిక్షణ. ఇప్పుడు కుక్కరు కూతల మధ్య మాడ్యూలు పూర్తిచేసి, రాత్రి పదిన్నరకు క్విజ్ రాసి, సర్టిఫికెట్ దించుకోవాలి. ఇంటిచాకిరీ తగ్గించకుండా శిక్షణను ఇంటికి తెస్తే, చాకిరీ జాబితాలో ఇంకో పని చేరుతుంది. ఆ గంటలు బడివేళల్లోనే ఇవ్వాలని అడగటం సోమరితనం కాదు, హక్కు.

స్త్రీల చరిత్ర రాసేవాళ్ళుగా మనకూ ఇక్కడ పని ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ విద్యాశాఖ వార్షిక నివేదికలు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అందులో ఎందరు స్త్రీలు శిక్షణ పొందారో, ఏ మతం, ఏ కులం వాళ్ళో పట్టికలున్నాయి. మిషన్ రికార్డులున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, 1980లలో ఉపాధ్యాయ కేంద్రాలకు వెళ్ళిన పంతులమ్మలు రిటైరై మన ఊళ్ళలోనే, మన ఇళ్ళలోనే ఉన్నారు. చంటిబిడ్డను చంకనెత్తుకుని శిక్షణకు వెళ్ళినవాళ్ళు, బిడ్డను వదిలి వెళ్ళలేక మెమో అందుకున్నవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వాళ్ళు చెబితే రాసుకోవాలి. వాళ్ళు పోయాక మనకు మిగిలేది ఆ ఉత్తర్వు కాగితాలు మాత్రమే. ఆ కాగితాలకు ఏమీ తెలియదు.